బెంచీలు వరండాలో పెట్టేశాను, తప్పు చేశానా?

నల్లబండ_టీచర్ (జూలై 3, రాత్రి 9:20)

అందరికీ నమస్తే. తాడిపత్రి దగ్గర ఒక పల్లెలో ఎస్జీటీని (ప్రైమరీ బడి టీచర్ని). సర్వీసు పదకొండేళ్లు. బడిలో 34 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం, రెండు గదులు. 4, 5 తరగతులు మా హెచ్చెం (హెడ్మాస్టర్) సార్ చూసుకుంటారు. 1, 2, 3 నాకు. అంటే ఒకే గదిలో మూడు తరగతులు, 21 మంది.

ఈ వారం ఒక పని చేశాను. సరైనదో కాదో మీరే చెప్పాలి.

గదిలో పదకొండు డ్యూయల్ డెస్కులు (ఇద్దరు కూర్చునే బెంచీలు) ఉన్నాయి. ఇనుప కాళ్లు, మంచి బరువు. వరసగా వేస్తే గోడకీ డెస్కుకీ మధ్య నేను పక్కకు తిరిగి నడవాలి. చీర కొంగు ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది. దాంతో నాకు తెలియకుండానే బోర్డు దగ్గరే ఉండిపోతున్నాను. మొన్న శనివారం నోట్సులు ఇంటికి తెచ్చుకుని దిద్దుతుంటే, చివరి డెస్కులో కూర్చునే రెండో తరగతి పాప 3ని, 7ని అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తోందని తెలిసింది. ఒక పేజీ కాదు, తొమ్మిది పేజీలు. ఆ తొమ్మిది పేజీలు రాసినంత కాలం నేను ఆ పాప పక్కకు పోనేలేదన్నమాట.

సోమవారం హెచ్చెం సార్‌ని అడిగి ఎనిమిది డెస్కులు వరండాలోకి మోయించాను. మూడు మాత్రం ఒక మూలన ఉంచాను. మా గది నేలంతా నల్లబండే (తాడిపత్రిలో ఇంకేం వేస్తారు!). సుద్దముక్కతో రాస్తే గోడమీది బోర్డు కంటే బాగా కనిపిస్తుంది. పిల్లకొక బండ ఇచ్చాను. "నీ బండ నీదే, పక్కోళ్ల బండ మీదికి గీత పోకూడదు" అన్నాను. నలుగురికి ఒక తడిగుడ్డ. ఇప్పుడు నిలబడిన చోటినుంచే 21 మంది ఏం రాస్తున్నారో కనబడుతోంది. ఆ పాప 3 మంగళవారానికే సరిగ్గా తిరిగింది.

రెండు సమస్యలు. మూడు తరగతులకు ఒకేసారి పని ఎట్లా ఇవ్వాలో ఇప్పటికీ చేతకావడం లేదు. ఒకటో తరగతికి అక్షరాలు చెబుతుంటే మూడో తరగతి సంతలా ఉంటుంది. రెండోది, నిన్న ఇద్దరు తల్లులు వచ్చి "బెంచీలు ఎందుకు తీసేశారు మేడం" అన్నారు. కోపం లేదు గానీ నొచ్చుకున్నట్టు ఉన్నారు. నాకు జవాబు రాలేదు.

ఎవరైనా ఇట్లా చేసి చూశారా?

ప్రొద్దుటూరు_లెక్కలు (జూలై 3, రాత్రి 10:05)

తప్పుగా అనుకోవద్దు మేడం. నేను ప్రైవేటులో ఎనిమిది, తొమ్మిదికి లెక్కలు చెబుతాను. సెక్షన్‌కి 52 మంది. బెంచీలు తీసేస్తే చదువు వచ్చేటట్టయితే మా తాతల కాలంలో అందరూ కలెక్టర్లు కావాల్సింది, వాళ్లంతా నేలమీదే కదా కూర్చున్నారు. గది మారిస్తే ఏమీ కాదు, చెప్పేవాళ్లు మారాలి. ఆ పాప 3 తిప్పి రాసింది బెంచీ వల్ల కాదు, మీరు నోట్సు దిద్దకపోవడం వల్ల.

నల్లబండ_టీచర్ (జూలై 3, రాత్రి 10:31)

నిజమే సార్, దిద్దలేదు. బడి తెరిచిన మొదటి వారాలు ఎట్లా ఉంటాయో తెలుసు కదా. కిట్లు పంచి ఎంట్రీలు చేయడం, ఆధార్ సరిచూడడం, భోజనం ఫోటో, హాజరు ఫోటో. అయినా అది సాకే.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోను. నేను నిలబడే చోటు మారినందుకే నా చెప్పడం మారింది. ముందు పీరియడంతా నా గొంతే. ఇప్పుడు బండల మధ్య తిరుగుతుంటే మాట్లాడడానికి కుదరదు, వంగి చూడాలి. వంగినప్పుడు పిల్లలే ఏదో ఒకటి చెబుతారు. గది మారకుండా నేను మారేదాన్నా అంటే, పదకొండేళ్లలో మారలేదు మరి.

రిటైర్డ్_హెచ్చెం (జూలై 4, ఉదయం 6:15)

అమ్మా, మీరు చేసింది మనవైపు కొత్తదేమీ కాదు. 1822లో మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో జిల్లాల్లో బడుల లెక్క తీయమన్నాడు. మన దత్తమండలాలకు (రాయలసీమ, బళ్లారి వైపు) అంతకుముందు కలెక్టరుగా చేసినవాడే. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ ఒక రిపోర్టు పంపాడు. 1882 దాకా అనంతపురం జిల్లా లేదు, మనం బళ్లారి కిందే. 533 బడులు, 6,641 మంది పిల్లలు అని రాశాడు. బడికి సుమారు పన్నెండు మంది. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాళ్లు, ముందున్నవాళ్లు వెనకున్నవాళ్లకు చెప్పేవాళ్లు. ఆ పద్ధతిని మెచ్చుకున్నాడు కూడా.

అట్లాగని మురిసిపోవద్దు. అదే రిపోర్టులో ఇంకోటి ఉంది. పొద్దున అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్లు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాడికల్లా ఒక్కో దెబ్బ ఎక్కువ. ప్రొద్దుటూరు సార్ మాటలో సగం నిజం ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా కాలంలో, అంటే 1980లు, 90లలో, బ్రిటన్ సాయంతో ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) అని వచ్చింది. ఆరు సూత్రాలు ఉండేవి. చేసి నేర్చుకోవడం, ఒంటరిగానూ జట్టుగానూ పని చేయడం, పిల్లల మధ్య తేడాలు చూడడం, ఊళ్లో దొరికేవి పాఠానికి వాడడం, పిల్లలు చేసినవి గదిలో వేలాడదీయడం, ఇట్లా. మంచివే. కానీ ఆచరణలో ఏమైందంటే, ఈ గోడనుంచి ఆ గోడకు ఒక తాడు, తాడుకు కాగితపు బొమ్మలు. రెండేళ్లు అవే బొమ్మలు. ఒకసారి తాడు దులిపితే గదంతా దుమ్ము లేచి పిల్లలు దగ్గారు. నా గదే అది, ఇంకెవరిదో కాదు.

దాంట్లో నాకు మిగిలింది టీచర్స్ సెంటరు. చుట్టుపక్కల బడులవాళ్లం అక్కడ కలిసేవాళ్లం. ఒకరు నిజం పిల్లలకు నిజం పాఠం చెప్పేవాళ్లు, మిగతావాళ్లం చూసేవాళ్లం. ఒకసారి నాకంటే పదేళ్లు చిన్న టీచరు శనక్కాయలతో రెండో ఎక్కం చెబుతున్నాడు. కాయకు రెండు గింజలు, ఐదు కాయలకు పది. ఒక పిల్ల ఒలిచి "సార్, దీంట్లో మూడున్నాయి" అంది. నేనైతే "అది పక్కన పెట్టు, వేరేది తీసుకో" అనేవాడిని. ఆయన "అయితే ఇప్పుడు మొత్తం ఎన్ని?" అన్నాడు. మిగతా పాఠమంతా ఆ మూడు గింజల కాయ మీదే నడిచింది. అంతకుముందు ఎన్ని ట్రైనింగులకు పోయినా రానిది ఆ ఒక్క ప్రశ్నతో వచ్చింది.

మగ్గం_ఇంటోడు (జూలై 4, మధ్యాహ్నం 1:48)

నేను టీచర్ని కాదు, ధర్మవరంలో మగ్గం నేస్తాను. మా పిల్లోడు మూడో తరగతి, సర్కారు బడి. అందుకే చదువుతున్నా ఇవన్నీ.

మాది గుంతమగ్గం. పొద్దున కాళ్లు గుంతలో పెడితే రాత్రి దాకా అందులోనే. మా నాయన కూడా అంతే. నేను చదివిన బడికి ఇంటినుంచి గోనెసంచి తీసుకుపోయి దానిమీద కూర్చునేవాళ్లం. కొంతమంది పిల్లల్ని ఎడంగా కూర్చోబెట్టేవాళ్లు, అదీ చూసినా. మావాడి బడికి బెంచీలు వచ్చిన రోజు మా ఇంటామె పనిగట్టుకుని పోయి చూసొచ్చింది. చేత్తో తడిమిందంట.

మీకు బెంచీ నడవడానికి అడ్డం. మాకు అట్లా కాదు మేడం. కింద కూర్చోబెడితే మంచిదని చెప్పే సార్లు, మేడంలు వాళ్ల పిల్లల్ని ఏ బడిలో వేసినారు? అక్కడ కింద కూర్చోబెడతారా? కోపంతో అడగడం లేదు, తెలుసుకుందామని.

డైట్_ట్రైనీ (జూలై 4, మధ్యాహ్నం 2:10)

ఈ పోస్టుకు ఎవరు జవాబు చెబుతారో చూడాలని ఉంది.

నల్లబండ_టీచర్ (జూలై 4, రాత్రి 8:55)

నేనే చెప్పాలి. మా బాబు టౌన్లో ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి. బెంచీ మీదే కూర్చుంటాడు. వాళ్ల స్కూల్లో కింద కూర్చోబెట్టారని తెలిస్తే నేనూ పోయి అడిగేదాన్నే.

మీరు రాసింది మధ్యాహ్నం చదివాను అన్నా. ఆ ఇద్దరు తల్లుల ముఖాలు ఎందుకట్లా ఉన్నాయో అప్పుడు అర్థమైంది. వాళ్లకు ముందు చెప్పాల్సింది. చెప్పడం కాదు, అడగాల్సింది. వచ్చే శనివారం పేరెంట్స్ కమిటీని పిలుస్తున్నాను.

కోసిగి_సార్ (జూలై 4, రాత్రి 9:40)

మేడం, మీ మొదటి సమస్య ఎవరూ పట్టించుకోలేదు. మూడు తరగతులు ఒకే గదిలో. విద్యాహక్కు చట్టం లెక్కలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లే. ఐదు తరగతులకు ఇద్దరు అంటే మల్టీగ్రేడ్ తప్పదు, దాన్ని ఒప్పుకుని మొదలుపెడితే సగం టెన్షన్ పోతుంది.

మాది ఇంకో రకం తిప్పలు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పనుల్లేని కాలంలో ఊరికి ఊరే గుంటూరు దిక్కు పోతుంది, పత్తి తీయడానికి, మిరపకాయ కోతలకు. తాళాలేసిన ఇళ్లు, ముసలివాళ్లు మిగులుతారు. సీజనల్ హాస్టల్ పెట్టినా అమ్మను వదిలి ఉండలేని చిన్నవాళ్లు పోతారు. పోయిన ఏడు దీపావళికి నా దగ్గర 41 మంది. సంక్రాంతికి 17. ఉగాది ముందర ఒక్కొక్కరే తిరిగొస్తారు, చేతులు మిరప ఘాటుకు ఎర్రగా ఉంటాయి. నేను తొమ్మిదో పాఠంలో ఉంటాను, వాడు మూడో పాఠం దగ్గర ఆగిపోయి ఉంటాడు. అప్పుడు వాడిని ఏ వరసలో కూర్చోబెట్టాలి?

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ తెలుసు కదా, జిడ్డు కృష్ణమూర్తి 1926లో మొదలుపెట్టించిన బడి. అది ఫీజు కట్టేవాళ్లది, మనకు సంబంధం లేదనుకుంటాం. కానీ దాని చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపారు, ఒక్క టీచరుతో అన్ని తరగతులు. అక్కడ పుట్టిందే మెట్ల పద్ధతి. తర్వాత చెన్నై కార్పొరేషన్ బడుల్లో, ఆపైన తమిళనాడు అంతటా ఏబీఎల్ (పనులు చేస్తూ నేర్చుకోవడం) పేరుతో వాడారు.

ఎట్లా అంటే, పుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొడతారు. ఒక్కో మెట్టుకు కొన్ని కార్డులు, కార్డు మీద బొమ్మ గుర్తు. గోడమీద నిచ్చెన చార్టు ఉంటుంది. పిల్లవాడు వచ్చి తను ఎక్కడున్నాడో చూసుకుని, తర్వాతి కార్డు తీసుకుని, ఆ కార్డు ఏ జట్టుకు పొమ్మంటే అక్కడ కూర్చుంటాడు. టీచరు దగ్గర ఒక జట్టు, టీచరు కొంచెం సాయం చేస్తే చాలు అనేది ఒకటి, ఒకరికొకరు చెప్పుకునేది ఒకటి, ఒంటరిగా చేసుకునేది ఒకటి. తరగతిని బట్టి కాకుండా పనిని బట్టి కూర్చుంటారు. గుంటూరు నుంచి వచ్చిన పిల్లవాడు దిగిన మెట్టు దగ్గరే మళ్లీ ఎక్కుతాడు. నాకు ఇదే కావాల్సింది.

నేను పాత క్యాలెండర్ల వెనకవైపు కత్తిరించి లెక్కలకు 60 కార్డులు చేశాను. తెలుగుకు చేయలేకపోయాను, కథను మెట్లుగా విడగొడితే చచ్చిపోతుంది. కథ మాత్రం అందరికీ కలిపే చెబుతాను. ఇంకోటి, కార్డులు మూడు నెలలకే చివర్లు పగిలి మూడు మాయమవుతాయి. ఆ మూడు ఎప్పుడూ తీసివేతల కార్డులే, ఎందుకో మరి!

ప్రొద్దుటూరు_లెక్కలు (జూలై 4, రాత్రి 10:02)

తీసివేత కార్డులు కదా సార్, తీసివేశారు.

సరదాకి అన్నా. కానీ మెట్ల పద్ధతిలో నాకొక అనుమానం. టీచరు రోజంతా ఎవడు ఏ మెట్టు మీదున్నాడో రాసుకుంటూ కూర్చుంటే చెప్పేదెప్పుడు?

కోసిగి_సార్ (జూలై 4, రాత్రి 10:20)

మొదటి రెండు నెలలు అట్లాగే ఉంటుంది సార్. గుమాస్తా అయిపోయానని నాకే అనిపించింది. తర్వాత పిల్లలే చార్టులో చుక్క పెట్టుకోవడం నేర్చుకున్నారు. దొంగచుక్కలు కూడా పెడతారు. వాటిని పట్టుకునేది నేను కాదు, పక్కవాళ్లు.

డైట్_ట్రైనీ (జూలై 5, ఉదయం 7:30)

నేను బుక్కపట్నంలో టీచర్ ట్రైనింగ్ కాలేజీ, అంటే డైట్‌లో చదువుతున్నాను. చిన్నదాన్ని, తప్పుంటే చెప్పండి.

మాకు క్లాసులో మేరీ బడ్ రో అనే అమెరికా ఆవిడ పరిశోధన గురించి చెప్పారు. 1970ల నాటిది. టీచరు ప్రశ్న అడిగాక సగటున సెకను కూడా ఆగకుండా తనే జవాబు చెప్పడమో, ఇంకొకరిని అడగడమో చేస్తారట. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచించి వస్తాయట. నేను నమ్మలేదు. ప్రాక్టీసుకు పోయిన బడిలో ఫోన్ బల్లమీద పెట్టి నా పాఠం రికార్డు చేసుకున్నాను. 31 ప్రశ్నలు అడిగాను. 24కి నేనే జవాబు చెప్పాను! ఇంకో రెండింటికి "చెప్పండి చెప్పండి చెప్పండి" అని నేనే అరుస్తున్నాను.

మర్నాడు ప్రశ్న అడిగి మనసులో ఒకటి, రెండు, మూడు అనుకున్నాను. ఆ మూడు సెకన్లు ఎంత పొడవుంటాయో చెప్పలేను. చెమటలు పట్టాయి. రెండో ప్రశ్నకు కిటికీ పక్కన కూర్చునే పిల్లవాడు చెయ్యెత్తాడు. వాడికి మాటలు సరిగా రావని నాకు ముందే చెప్పి ఉన్నారు.

కాంప్లెక్స్_మీటింగ్ (జూలై 5, ఉదయం 10:12)

డైట్ పాపా, మీరు ఫోన్‌తో చేసుకున్నది మేము ట్రైనింగుల్లో ఎన్నడూ చేయలేదు.

స్కూల్ అసిస్టెంట్‌ని (సబ్జెక్టు టీచర్ని), కర్నూలు జిల్లా. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం టీచరుకు ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలి. గంటలు బాగానే నిండుతాయి, సందేహం లేదు. మొన్న ఒక ట్రైనింగులో హాల్లో నూట ఇరవై మందిమి. ఫ్యాన్లు ఆరు. ముందు ఒకాయన స్లైడు చదువుతున్నాడు, స్లైడు మీద "పిల్లలను వినేవారిగా కాక చేసేవారిగా చూడండి" అని ఉంది. మేమంతా వినేవాళ్లమే. వెనక వరసలో నేను ఫోన్లో క్రికెట్ స్కోరు చూస్తున్నాను. ఆ హాల్లో మాకు నిజంగా అలవడింది వెనకబెంచీ పిల్లవాడి విద్య.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ప్రపంచ బ్యాంకు తయారుచేసిన టీచ్ టూల్‌తో తరగతి చూసే పని నేను కూడా చేశాను. పదిహేను నిమిషాల చొప్పున రెండుసార్లు చూడాలి. టీచరు అందరినీ పట్టించుకుంటున్నారా, అర్థమైందో లేదో కనుక్కుంటున్నారా, పిల్లలు నిజంగా పనిలో ఉన్నారా, ఇట్లాంటివి చూసి రాసుకోవాలి. చూడాల్సినవి సరైనవే. కానీ ఫారం నింపి, "బాగుంది మేడం" అని టీ తాగి వచ్చేసిన రోజులు నావి చాలా ఉన్నాయి. ఆవిడతో పది నిమిషాలు కూర్చుని "ఆ పసుపు చొక్కా అబ్బాయి పీరియడంతా ఒక్కసారి కూడా మీవైపు చూడలేదు" అని చెప్పి ఉంటే పనికొచ్చేది. ఎందుకు చెప్పలేదంటే మొహమాటం. పైనుంచి వచ్చినవాడు చెబితే తప్పు పట్టినట్టు ఉంటుంది. పక్క గదివాళ్లు చెబితే ఉండదేమో.

నల్లబండ_టీచర్ (జూలై 5, మధ్యాహ్నం 12:40)

పక్క గదివాళ్లు అంటే మాకు ఉన్నది ఒకే ఒక్క పక్క గది. సార్ నా గదిలో కూర్చుంటే ఆయన 13 మందిని ఎవరు చూస్తారు?

రిటైర్డ్_హెచ్చెం (జూలై 5, మధ్యాహ్నం 12:58)

రోజూ చివరి ఇరవై నిమిషాలు కథ అందరికీ కలిపి చెప్పండి. ఒకరు చెప్పండి, ఒకరు వెనక కూర్చోండి. కాగితం మీద ఒకే ఒక్కటి రాసుకోమనండి. పది రాయమంటే ఏదీ రాయరు.

రాయదుర్గం_గాలి (జూలై 6, సాయంత్రం 5:25)

మాట్లాడని పిల్లల గురించి ఒకటి చెబుతాను. మాది కర్ణాటక సరిహద్దు. ఇంట్లో కన్నడ, బడిలో తెలుగు, పుస్తకంలో పక్కపేజీ ఇంగ్లీషు. సుగాలి తండా పిల్లలకైతే ఇంకోటి కూడా. కొత్తలో ఒకటో తరగతి పిల్లకు చెట్టు బొమ్మ చూపిస్తే "మర" అంది. నేను కాదు అన్నాను. ఆ పిల్ల ఆ తర్వాత రెండు నెలలు నోరు విప్పలేదు. కన్నడంలో మర అంటే చెట్టే. ఆ పిల్ల సరైన జవాబు చెప్పింది, నాకే అర్థం కాలేదు.

ఇప్పుడేం చేస్తున్నానంటే, నేలమీద రెండు గడులు గీసి ఇంటిమాట ఒకదాంట్లో, బడిమాట ఒకదాంట్లో రాయమంటాను. పోయిన నెల హాలు–పాలు, హులి–పులి, హూవు–పూవు, హావు–పాము అని వరసగా వచ్చాయి. మూడో తరగతి పిల్ల ఒకతి సుద్దముక్క పట్టుకుని అట్లాగే చూస్తూ "మిస్, మా ఇంట్లో హ అంటే ఇక్కడ ప" అంది. భాషాశాస్త్రం చదివినవాళ్లు పుస్తకాలు రాసే సంగతి అది. మధ్యాహ్నానికల్లా పిల్లలంతా హల్లు–పన్ను అంటూ పళ్లు చూపించుకుంటూ తిరిగారు. తర్వాత ఒకడు హెచ్చెం అంటే పెచ్చెమా అని అడిగాడు, అది వేరే సంగతి.

ప్రొద్దుటూరు_లెక్కలు (జూలై 6, రాత్రి 9:15)

పెచ్చెం!! మా స్టాఫ్ రూములో చదివి వినిపించాను.

ఒకటి ఒప్పుకుంటాను. డైట్ పాప రాసింది చదివి నేనూ ఫోన్ పెట్టుకున్నాను. 40 నిమిషాల పీరియడ్‌లో పిల్లలు మాట్లాడింది మొత్తం కలిపితే మూడు నిమిషాలు లేదు. అందులో ఎక్కువ భాగం "యెస్ సార్". 52 మందితో, సిలబస్ తరుముతుంటే, బెంచీలు కదపడం నావల్ల కాదు. ఒకటి మాత్రం చేస్తున్నాను. ముందు బెంచీవాళ్లను వెనక్కి తిప్పి నలుగురు ఒకే లెక్క మాట్లాడుకోమంటున్నాను, ఐదు నిమిషాలు. మొదటిరోజు ప్రిన్సిపాల్ వచ్చి క్లాసులో టీచర్ లేరా అని తొంగి చూశారు.

నల్లబండ_టీచర్ (జూలై 20, రాత్రి 9:05)

ఆలస్యమైంది, క్షమించండి. శనివారం కమిటీ మీటింగుకు పద్నాలుగు మంది వచ్చారు. ముందు మాట్లాడకుండా, పిల్లలతో పాటు ఒక పీరియడ్ కూర్చోమన్నాను. కొందరు బెంచీ మీద, కొందరు కింద. తర్వాత అడిగితే ఒక నాన్న, పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు, "రాసేది బాగుంది మేడం, వంగేదే బాగాలేదు. మా నడుములు వంగి వంగి పోయినాయి, వీళ్లవి ఇప్పుడే ఎందుకు" అన్నారు. నేను దాని గురించి ఆలోచించనే లేదు. 21 మంది మీద వంగి చూడడం గురించే ఆలోచించాను, వాళ్లు కూడా వంగుతున్నారని తోచలేదు.

ఆయనే ఇంకో మాట అన్నారు. బండ కిందే ఎందుకుండాలి, గోడకు పెడదాం అని. ఫ్యాక్టరీలో అంచు విరిగిన బండలు పడి ఉంటాయట.

ఇంకా అయిపోలేదు. కథ పీరియడ్ మొదలుపెట్టాం. మొదటిరోజు నేను చెప్పాను, సార్ వెనక కూర్చుని ఎవరు మాట్లాడారో మాత్రం రాశారు. కాగితం నా చేతిలో పెట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయారు. 34 మందిలో ఏడుగురి పేర్లు ఉన్నాయి. ఏడుగురూ నా కుడిచేతివైపు కూర్చున్నవాళ్లే. నేను కుడివైపు తిరిగి కథ చెబుతానని పదకొండేళ్లలో ఎవరూ చెప్పలేదు. మర్నాడు సార్ వంతు. ఆయన కాగితం నేను రాశాను. ఏం రాశానో చెప్పను, ఆయన కూడా ఈ చర్చ చదువుతున్నారు.

కాంప్లెక్స్_మీటింగ్ (జూలై 20, రాత్రి 9:30)

ఈ కాగితం మా కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) మీటింగులో చూపించవచ్చా మేడం? పేర్లు కొట్టేసి.

నల్లబండ_టీచర్ (జూలై 20, రాత్రి 9:34)

చూపించండి సార్. కుడివైపు సంగతి మాత్రం కొట్టేయొద్దు.

నల్లబండ_టీచర్ (ఆగస్టు 24, రాత్రి 8:20)

గోడకు పద్నాలుగు బండలు పట్టాయి. రెండడుగుల చదరాలు, నేలకు అడుగున్నర పైన మొదలు. ఒకటో తరగతి పిల్లలకు కూడా చెయ్యి అందుతుంది. వరండాలోని డెస్కుల్లో ఐదు తిరిగి గదిలోకి వచ్చాయి, ఇప్పుడు నడవడానికి చోటు మిగిలేటట్టు వేశాం. కోసిగి సార్ చెప్పిన కార్డు పనివాళ్లు బెంచీల మీద, గోడ పనివాళ్లు నిలబడి. నేలబండ మీద ఇంకా ఇష్టపడేవాళ్లు నలుగురున్నారు, వాళ్ల ఇష్టం. 3 తిప్పి రాసిన పాప వాళ్లలో ఒకతి.

మొదట ఆ పాలిష్ ఫ్యాక్టరీ నాన్న బడికిస్తున్నాం కదా అని మంచి పాలిష్ పెట్టిన బండలు తెచ్చారు. ముఖం కనబడేంత నున్నగా ఉన్నాయి. సుద్దముక్క జారిపోయింది, ఒక్క గీత పడలేదు. ఆయన ముఖం చిన్నబోయింది. చివరికి తిప్పి, వెనకవైపు గరుకుది బయటికి వచ్చేటట్టు బిగించాం. "అందంగా లేదు మేడం" అని ఇప్పటికీ అంటూనే ఉంటారు.

ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పడమటి గోడకు వానలో చెమ్మ దిగుతుంది. సిమెంటు ఒక్కదాంతో బిగించిన బండలు ఊడతాయా? పిల్లలు నిలబడే చోటు కదా, భయంగా ఉంది.

రిటైర్డ్_హెచ్చెం (ఆగస్టు 24, రాత్రి 8:47)

పడమటి గోడవి రేపే తీయించేయండి. లేదా కింద ఇనుప యాంగిల్ కొట్టించి దానిమీద నిలపండి. ఒక్క సిమెంటును నమ్మొద్దు.

మగ్గం_ఇంటోడు (ఆగస్టు 24, రాత్రి 10:10)

మేడం, ఆ రెండడుగుల బండ బరువెంత ఉంటుంది? మా బడి సార్‌కి మీరు రాసిందంతా ఫోన్లో చూపించినా. గోడకైతే సరే అన్నాడు. బస్సులో ఎక్కించుకుంటారా?

నల్లబండ_టీచర్ (ఆగస్టు 24, రాత్రి 10:22)

ఇరవై కిలోల దాకా ఉంటుంది అన్నా, కండక్టరు ఒప్పుకోడు. ఎన్ని కావాలో చెప్పండి, ఆయన్ని అడుగుతాను. గరుకువే అని ముందే చెబుతాను.